చిన్న వ్యాపారములు: నిర్వాహక సామర్థ్యము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



ఇరువదియైదు సంవత్సరములు నిండిన గ్రంథాలయమునకు ఉత్సవము జరుపునపుడు విద్యను గూర్చియు, సారస్వతమును గూర్చియు ముచ్చటించుట ఆచారము. నాకు లభించిన విషయము మాత్రము వ్యాపారము. అందును పెద్ద వ్యాపారము కాదు. కిరాణా కొట్టు, మగ్గము, దర్జీ దుకాణము, పిండిమర, అప్పడములు పచ్చళ్లు చేసి అమ్ముకొను ఇల్లు, సైకిళ్లు మోటారు సైకిళ్లు బాగుచేయు షెడ్డు, ఇట్టివి. ఈ గ్రంథాలయపు చందాదారులలో ఇట్టి వృత్తులతో సంబంధము లేని కుటుంబము అరుదు. కావున విషయము గ్రంథాలయమునకు దూరమైనది కాదని మనవి చేయుచున్నాను.

ఒకే వీధిలో రెండు కిరాణా దుకాణము లున్నవనుకొందము. ఇరువురును ఒకే పట్టణములో ఒకే టోకు వర్తకుని యొద్ద సరకు తెచ్చువారే. పెట్టుబడి ఇంచుమించు సమానము. ఇరువురును తెల్లవారకముందే లేచువారు, రాత్రి పది గంటలకు గాని తలుపు వేయనివారు. అయిదేండ్లు తిరుగునప్పటికి ఒకటి పక్క గదిని కూడ అద్దెకు తీసికొనును, రెండవది మూతపడును. ఎందుకిట్లు జరిగినదని అడుగుడు. ఒకరు అదృష్టమందురు, ఒకరు చేతివాసి యందురు, ఇంకొకరు వాకిలి ఏ దిక్కున ఉన్నదో చూడుమందురు. మూతపడిన దుకాణపు యజమానిని మాత్రము "నీకు ఏ సరకుపై ఎంత మిగిలినది? ఎవరి యొద్ద ఎంత రావలెను? నిరుడు దసరాకు ఎంత శనగపప్పు అమ్మితివి?" అని అడిగినవారు లేరు. అడిగియున్నచో అతడు తల గోకికొనియుండును. రెండవవాడు పుస్తకము తెరచి చూపియుండును.

నేను నిర్వాహక సామర్థ్యమని పిలుచునది ఈ రెండవవాని యొద్ద ఉన్నది. దీనిని యజమాని తెలివితేటలతో కలిపివేయరాదు. తెలివి యజమాని తలలో నుండును. అతడు జ్వరపడిన నాడు అదియును పడుకొనును. సామర్థ్యము దుకాణములో నుండును. సరకు ఎక్కడ నుండవలెనో అక్కడ నుండుట, అరువు వ్రాయబడియుండుట, పనివానికి తన పని ఏదియో తెలిసియుండుట, ఒకసారి జరిగిన నష్టము రెండవసారి జరుగకుండ ఏదో యొక కట్టుబాటు ఏర్పడియుండుట, ఇవన్నియు కలిసి ఆ సామర్థ్యము. పరీక్ష సులభము. యజమాని పదిదినములు ఊరిలో లేనిచో వ్యాపారము ఎట్లు నడచునో చూచిన చాలును.

ఇది పెద్దల అనుభవవాక్యము మాత్రమే కాదు, కొలిచి చూచిన విషయము కూడ. 2008 వ సంవత్సరము మొదలు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకును, ప్రపంచ బ్యాంకునకును చెందిన కొందరు ఆర్థికవేత్తలు ముంబయి పరిసరములలో నూలుగుడ్డ నేయు 17 సంస్థలను తీసికొని ఒక ప్రయోగము చేసిరి. అవి మన కుటీర పరిశ్రమలకంటె చాల పెద్దవి. సగటున 270 మంది పనివారు గలవి. అయినను అన్నియు కుటుంబముల చేతిలో నున్నవే కావున మన విషయమునకు పనికివచ్చును. ఆ సంస్థల కర్మాగారములలో కొన్నింటికి అయిదు నెలలపాటు నిపుణులను ఉచితముగా పంపి, 38 చిన్న చిన్న పద్ధతులను నేర్పిరి. మరి కొన్నింటికి ఒక నెలపాటు పరిశీలన మాత్రము చేసి విడిచిరి.

ఆ 38 పద్ధతులలో అద్భుతమైన దేదియు లేదు. నేలపై చెత్తయు, పనిముట్లును చెల్లాచెదరుగా పడియుండకుండ చూచుట. నూలును రంగు వారీగా, రకము వారీగా చీటీలు కట్టి అరలలో నుంచుట. మగ్గము ఎందుకు ఆగినదో, ఎంతసేపు ఆగినదో ప్రతిదినము వ్రాయుట. గుడ్డలో పడిన లోపమును సరిచేయుటతో తృప్తిపడక ఏ మగ్గముపై ఏ కారణమున పడినదో లెక్క పెట్టుట. ఆ లెక్కను ఉదయమున నలుగురు నిలిచి చూచుట. ఇంతే. అంతకుముందు గోదాములో నూలు గుట్టలుగా పడియుండెడిది. ఏ గుట్టలో ఏమున్నదో తెలియక, ఉన్న నూలునే మరల కొన్న సందర్భములు ఉండవా? తడిసి పాడైన నూలును చూచినవారు ఉండిరి గాని దానిని లెక్కలోనికి తెచ్చినవారు లేరు.

ఫలితము 2013 లో ప్రచురింపబడినది. నేర్చికొన్న కర్మాగారములలో మొదటి సంవత్సరములోనే ఉత్పాదకత 17 శాతము పెరిగెను. కొత్త యంత్రము రాలేదు, కొత్త అప్పు రాలేదు. అదే కప్పు, అవే మగ్గములు, ఆ మనుష్యులే.

ఇంత లాభకరమైన పని వారే ఎందుకు చేసికొనలేదని ఎవరికైనను సందేహము కలుగును. పరిశోధకులు కూడ అదే అడిగిరి. కొన్ని పద్ధతులను వారు విననే లేదు. కొన్నింటిని విని, తమకు అవసరము లేదనుకొనిరి. "మా గుడ్డ పొరుగువాని గుడ్డకంటె తీసిపోలేదు గదా" యని వారి ధైర్యము. పొరుగువాడును సరిగా ఇట్లే అనుకొనుచుండెను. లోపములను లెక్కింపనివానికి లోపములు తక్కువగానే కనబడును.

ఆ పరిశోధనలో నాకు మరింత ఆలోచన కలిగించిన విషయము ఇంకొకటి కలదు. ఒక సంస్థ ఎంత పెద్దదగునను దానిని నిర్ణయించుచున్నది నైపుణ్యము కాదు, లాభము కాదు. ఆ కుటుంబములో ఎందరు మగవారు గలరన్నది! కొడుకు లిద్దరుంటే రెండు కర్మాగారములు, నలుగురుంటే నాలుగు. పరాయివానికి తాళము చెవి యిచ్చుటకు యజమానికి నమ్మకము చాలదు. ఇది ముంబయి మాట మాత్రమే కాదని ఈ సభలోని వారందరికిని తెలియును. మన ఊళ్లలో ఎంత బాగుగా నడచు వ్యాపారమైనను "చూచుకొనువాడు లేడు" అను ఒక్క మాటతో ఆగిపోవును. కూతుళ్లను, కోడళ్లను ఆ లెక్కలోనికి తీసికొననే తీసికొనము. తీసికొన్న ఇండ్లు ఉన్నవి, అవి కొంత ముందే యున్నవి. అయితే నమ్మకము మనిషిని బట్టి మాత్రమే పుట్టనక్కరలేదు. పద్ధతిని బట్టియు పుట్టవచ్చును. తూచి యిచ్చి, తూచి పుచ్చుకొని, వ్రాసి సంతకము చేయించుకొను చోట పరాయివాడు కూడ నమ్మదగినవాడగును. దీనికి మన దేశములోనే గొప్ప నిదర్శనము కలదు. దానిని కొంత విస్తరించి చెప్పుదును.

1959 వ సంవత్సరము మార్చి 15 వ తేదీన బొంబాయి నగరమున గిర్‌గామ్ ప్రాంతములో లోహానా నివాస్ అను భవనపు మేడపై ఏడుగురు గుజరాతీ స్త్రీలు అప్పడములు ఒత్త నారంభించిరి. పెట్టుబడి 80 రూపాయలు. అదియును ఛగన్‌లాల్ కరంసీ పారేఖ్ అను సంఘసేవకుని యొద్ద తెచ్చిన అప్పు. ఆ దినమున తయారైనవి నాలుగు పొట్లములు. మొదటి సంవత్సరపు అమ్మకము 6,196 రూపాయలు. అదియే లిజ్జత్ అప్పడముల సంస్థ. ఈనాడు అందులో రమారమి 45 వేలమంది స్త్రీలు పనిచేయుచున్నారు. సంవత్సరపు విక్రయము వేయి కోట్ల రూపాయలను ఎప్పుడో దాటినది. ఆ ఏడుగురిలో ఒకరగు జస్వంతీబెన్ జమ్నాదాస్ పోపట్ గారికి 2021 లో పద్మశ్రీ లభించినది.

అప్పడము చేయుట మన యిండ్లలో ఏ అత్తగారికి తెలియదు? మినుములు మన నేలపై పండునవే, మిరియము, ఇంగువ ప్రతి అంగటిలో దొరకునవే. ఆ ఏడుగురికి తెలిసిన విద్యయే కోట్లమందికి తెలియును. మరి వారికి లభించినదేమి? వారు అప్పడమునకు చుట్టును కట్టిన కట్టుబాటు.

మొదటి ఏడు వర్షములు రాగానే అప్పడములు ఎండక నాలుగు నెలలు పని ఆగిపోయెను. వాన మీద నింద వేసి ఊరకుండవచ్చును. మరుసటి ఏడు వారు ఒక మంచమును, ఒక స్టవ్వును కొనిరి. మంచముపై అప్పడములు పరచి క్రింద స్టవ్వు వెలిగించిరి. పని ఆగలేదు. మంచము, స్టవ్వు ఎవరైనను కొనగలరు. నిరుడు ఎందుకు ఆగినదని కూర్చుండి ఆలోచించి, ఈ ఏటికి ముందుగా ఏర్పాటు చేసికొనుట గొప్ప. మన ఊళ్లలో ఎన్ని వడియాల వ్యాపారములు, ఎన్ని ఇటుక బట్టీలు ప్రతి సంవత్సరము అదే వానకు అదే విధముగా ఆశ్చర్యపడుచున్నవో లెక్కింపుడు!

మొదట వారు రెండు రకములు చేసిరి. ఒకటి మేలైనది, ఒకటి చవుకది. పారేఖ్ గారు, ఛగన్‌బాపా యని వారిని పిలిచెడివారు, చవుకరకము మానుడనియు, ఒకే రకము చేసి దానిలో ఎన్నడును తగ్గవలదనియు, లెక్కలు సక్రమముగా నుంచి దీనిని వ్యాపారముగానే నడుపుడనియు హితవు చెప్పిరి. ఉదార హృదయుడైన సంఘసేవకుడు స్త్రీలకు దానము చేయక లెక్కలు వ్రాయుడని చెప్పుట గమనింపదగినది. సంస్థ కూడ విరాళములు స్వీకరింపరాదని నియమము పెట్టుకొన్నది.

మూడవ సంవత్సరమునకు సభ్యుల సంఖ్య మూడు వందలు దాటెను. మేడ చాలలేదు. అపుడు పిండిని ఒకచోట కలిపి, ఇంటికి తీసికొనిపోయి ఒత్తుకొని రండను పద్ధతి పెట్టిరి. ఇక్కడనే చాల సంస్థలు కూలిపోవును. వందల ఇండ్లలో వందల చేతులు ఒత్తిన అప్పడము ఒకే రుచిగా, ఒకే మందముగా, ఒకే శుభ్రతతో ఎట్లుండును? వారు కనుగొన్న మార్గము ఇది. ముడిసరకు కొనుట ఎవరి యిష్టమునకు వారికి వదలలేదు, కేంద్రముననే కొనిరి. పిండి కలుపుట శాఖలోనే జరుగును, ఇంటిలో కాదు. కావున రుచి చేతిని బట్టి మారదు. ఉదయమున పిండి తూచి యిత్తురు. మరునాడు ఎండిన అప్పడములను తెచ్చినపుడు తూచి, చూచి, పుచ్చుకొందురు. ఒత్తుకూలి అప్పటికప్పుడే చెల్లింతురు. పిండి యెంత, ఎండినపిదప ఎంత రావలెను అను తరుగు లెక్క ఇరువురికిని తెలియును. కావున అనుమానమునకు తావు లేదు, తగవునకును తావు లేదు. నేను ముందు చెప్పిన నమ్మకము ఇట్లు పుట్టినది. ఆ పనిచేయు సోదరీమణులలో అత్యధికులు ఒకరికొకరు బంధువులు కారు.

అమ్మకమునందును ఒక కట్టుబాటు కలదు. పంపిణీదారులు సరకు తీసికొనునపుడే రొక్కము చెల్లింపవలెను. అరువు లేదు. లాభమైనను నష్టమైనను సభ్యులందరును పంచుకొందురు. 1966 లో ఆ సంస్థ సంఘముల చట్టము క్రింద నమోదయ్యెను. అదే సంవత్సరమున ఖాదీ గ్రామోద్యోగ కమీషను దీనిని గ్రామ పరిశ్రమగా గుర్తించెను. ఆ గుర్తింపు వచ్చునాటికి ఏడేండ్ల లెక్కపుస్తకములు వారి యొద్ద సిద్ధముగా నుండెను. ప్రభుత్వ సహాయము కొఱకు దరఖాస్తు పెట్టిన తరువాత లెక్కలు వ్రాయ నారంభించువారికిని, వీరికిని గల భేదము ఇది.

అన్నియు గెలుపులే యని చెప్పుట సత్యము కాదు. 1961 లో మలాడ్‌లో పెట్టిన శాఖ నిలువలేదు. తరువాత అగ్గిపెట్టెలు, అగరువత్తులు, తోలు సామాను ప్రయత్నించిరి; అవియు అంతగా సాగలేదు. ఒక పనికి కుదిరిన కట్టుబాటు మరియొక పనికి అట్లే కుదురునను నియమము లేదు. అప్పడము తెలిసినవారికి అగ్గిపెట్టె తెలియనక్కరలేదు. పని సాగుచున్నదిగదా యని పచ్చళ్ల వ్యాపారి చీరల కొట్టు తెరచునపుడు ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను.

దూరపు బొంబాయి మాట అట్లుండనిండు. మన తెలుగుగడ్డపై ముల్కనూరు కలదు. ఈనాటి హనుమకొండ జిల్లాలోని ఆ గ్రామమున 1956 లో అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డిగారు సహకార పరపతి సంఘమును స్థాపించిరి. ఆ కాలమున సంఘములు వందలు వందలుగా పుట్టినవి. అందులో అధికభాగము అప్పులిచ్చి, రాబట్టుకొనలేక, పేరు మాత్రము మిగిలిన బల్లలుగా నిలిచినవి. ముల్కనూరు నిలిచి పెరుగుటకు కారణము అప్పును ఒంటరిగా వదలకుండుట. అప్పిచ్చిన సంఘమే విత్తనము, ఎరువు ఇచ్చును. పండిన పంటను సంఘమే కొని, మరపట్టి అమ్మును. బాకీ ఆ సొమ్ములోనుండియే తీరును. రైతుకు మరియొక వాకిలికి పోవలసిన పని లేదు, సంఘమునకు రైతు వెంట తిరుగవలసిన పని లేదు. ఆ వాతావరణములో పెరిగిన స్త్రీలు 2000 సంవత్సరములో తమ పాల సంఘమును స్థాపించి, స్వకృషి యను పేరుతో పాలు అమ్ముచున్నారు. పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము 1995 లో వచ్చినది. అది అనేకచోట్ల వచ్చినది గాని అనేకచోట్ల ఈ పని జరుగలేదు. చట్టము అవకాశము నిచ్చును, నడుపుట మన వంతు.

పనిముట్టును గూర్చి కూడ ఒక మాట. ఆలేరు ప్రాంతమునకు చెందిన చింతకింది మల్లేశంగారు తన తల్లి ఆసు పోయుటలో పడు భుజముల నొప్పి చూడలేక 1999 లో ఆసు యంత్రమును తయారుచేసిన కథ మన పిల్లలకు కూడ తెలియును. ఒక చీరకు ఆసు పోయుటకై చేయి వేలసార్లు అటునిటు ఆడవలెను. గంటల తరబడి సాగు ఆ పని యంత్రముచే చాల వరకు తగ్గినది. 2017 లో వారికి పద్మశ్రీ లభించినది. పోచంపల్లి నేతకారుల యిండ్లలోని స్త్రీలకు ఆ యంత్రము చేసిన మేలు నేను వర్ణింపనక్కరలేదు. కాని మిగిలిన గంటలు రూపాయలుగా మారుట యంత్రము చేతిలో లేదు. ఆసు త్వరగా పూర్తియైనను, మిగిలిన నూలు ఇంకను రాకపోయినచో మగ్గము ఖాళీగానే యుండును. నూలు వచ్చినను, ఏ రంగు చీర ఎవరు అడుగుచున్నారో తెలియకపోయినచో చీర పెట్టెలో నుండును. యంత్రము భుజమును కాపాడినది. నూలు నిలవను, గిరాకీని చూచుకొనవలసినది ఆ ఇల్లు, ఆ సంఘము.

ఇచటనే నాకు కొంత కటువుగా తోచు విషయమొకటి చెప్పవలసియున్నది. ఈ కాలమున చిన్న వ్యాపారి కష్టమునకు అందరును చెప్పు మందు అప్పు. 2015 లో ముద్రా ఋణముల పథకము వచ్చినది. తొలుత 10 లక్షల రూపాయల వరకు ఇచ్చుచుండిరి, వెనుకటి ఋణము సరిగా తీర్చినవారికి 2024 లో 20 లక్షలకు పెంచిరి. మంచిదే. షావుకారు వడ్డీ తెలిసినవాడెవడును దీనిని తీసివేసి మాటలాడడు. కాని నిలవ సరకు ఎంతయో, రావలసిన అరువు ఎంతయో, ఇంటి ఖర్చునకు గల్లాపెట్టెలోనుండి ఎంత పోవుచున్నదో తెలియని దుకాణములో అప్పు పోసినచో, చిల్లుకుండలో నీరు పోసినట్లగును. నీరు ఎంత పోసితివను లెక్క బ్యాంకు యొద్ద నుండును; ఎక్కడ కారిపోయినదను లెక్క మాత్రము ఎవరి యొద్దను ఉండదు. నా అభిప్రాయములో మొదట మూడు నెలలు చిట్టా వ్రాసి, పిదప అప్పుకు పోవుట మేలు. కొందరికి ఆ మూడు నెలల తరువాత అప్పు అవసరమే లేదని తేలినను ఆశ్చర్యము లేదు. కావలసిన సొమ్ము వాడుకదారుల యొద్ద అరువు రూపమున నుండును.

అరువు మాట వచ్చినది గనుక చెప్పుచున్నాను. మన పల్లెలో అరువు ఇయ్యక వ్యాపారము చేయుట అసాధ్యమని నాకు తెలియును. పంట చేతికి వచ్చువరకు సామాను ఇయ్యవలెను, పెండ్లియైనచో బట్ట ఇయ్యవలెను. బంధుత్వమున్నది, మొగమోటమున్నది. అరువు మానుమని నేను చెప్పను. అరువు ఇచ్చిననాడే ఖాతాలో వ్రాయుడు, వ్రాసినది పుచ్చుకొన్నవారికి చూపుడు, నెలకొకసారి కూడిక వేయుడు. కూడిక చూచిన పిదప "ఈ ఇంటికి ఇక చాలును" అను మాట నోటికి దానియంతట వచ్చును. ఇక పట్టణపు పెద్ద సంస్థలకు సరకు పంపు చిన్న ఉత్పత్తిదారులకు 2006 నాటి చట్టము ఒక రక్ష నిచ్చినది. నమోదైన చిన్న ఉత్పత్తిదారునకు కొన్నవాడు ఒప్పుకొన్న గడువులోపల, ఎట్లయినను 45 దినములు మించకుండ సొమ్ము చెల్లింపవలెను. ఆలస్యమైనచో వడ్డీతో చెల్లింపవలెను. ఈ హక్కును వాడుకొనుటకు ముందుగా నమోదు కావలెను, సరకు ఇచ్చిన తేదీతో చీటీ ఉండవలెను. నోటిమాటపై పంపిన మూటకు ఏ చట్టమును సాక్ష్యము చెప్పజాలదు.

నేను చెప్పునదంతయు విని, "లెక్కపుస్తకము ఉండగానే మరమగ్గము ఆగునా? నూలు ధర తగ్గునా?" అని చేనేత సోదరులు అడుగవచ్చును. ఆగదు, తగ్గదు. కొన్ని రకములను చేనేతకే కేటాయించుచు 1985 లో చట్టము చేసిరి. అయినను చేనేత పేరిట మరమగ్గపు గుడ్డ అంగళ్లలో అమ్ముడగుట మనము చూచుచునే యున్నాము. ఆ అన్యాయమును కేవలము మంచి నిర్వహణతో జయింపవచ్చునని చెప్పుట దుఃఖములో నున్నవానిని నిందించుట యగును. అట్టి మాట నేను చెప్పను. కాని గాలివాన అందరి యిండ్లపై వీచినపుడు కట్టు గట్టిగానున్న యిల్లు కొంచెము ఎక్కువకాలము నిలుచును. నూలు ధర పెరిగిననాడు ఒక చీరకు తనకు పడిన వెల ఎంతయో తెలిసిన నేతకాడు బేరమాడగలడు. తెలియనివాడు ఆసామి చెప్పిన వెలకు తల యూపును. తన కూలిని, ఇంటి ఆడవారి కూలిని వెలలో కలుపనేరనివాడు అమ్మిన ప్రతి చీరకును నష్టపడుచు, లాభమే వచ్చినదని సంతసించుచుండును. ఇంటి ఆడవారి పనిని లెక్కలో వ్రాయని పుస్తకము ఎంత అందముగా వ్రాసినను తప్పుడు పుస్తకమే.

పద్ధతులు ఏర్పరచుట ఒక ఎత్తు, నిలుపుకొనుట మరొక ఎత్తు. ముంబయి గుడ్డల కర్మాగారములకు ఆ పరిశోధకులు సుమారు తొమ్మిదేండ్ల పిదప మరల వెళ్లిరి. నేర్పిన పద్ధతులలో రమారమి సగము విడువబడియుండెను. అయినను నేర్వనివారికంటె నేర్చినవారు ఇంకను చాల ముందే యుండిరి. విడుచుటకు కారణములు విచారింపగా, తెలిసిన మేనేజరు వెళ్లిపోవుట, యజమానికి తీరిక లేకపోవుట ముఖ్యముగా కనబడెను. కొత్తగా వచ్చినవానికి ఇది ఎందుకు చేయుచున్నామో చెప్పినవారు లేరు. చెప్పినవారు లేనపుడు చీటీ కట్టుట అనవసరపు చాకిరీగా తోచును.

ఈ సంగతిలో మన గ్రంథాలయము వ్యాపారులకు పాఠము చెప్పదగియున్నది. ఇచట పుస్తకము రాగానే నమోదు పట్టీలో సంఖ్య పడును. ఇంటికి పోవునపుడు ఎవరికి, ఏ తేదీన అని వ్రాయబడును. ఇరువదియైదేండ్లలో కార్యదర్శులు మారిరి, గ్రంథపాలకులు మారిరి; పట్టీ మారలేదు. కొత్తవాడు వచ్చినపుడు పాతవాడు పక్కన కూర్చుండి నాలుగు దినములు చూపిపోయెడివాడు. అందుచేతనే ఏ పుస్తకము ఎవరి యింట నున్నదో ఈ నాటికిని చెప్పగలుగుచున్నాము. వేటపాలెములో 1918 నుండి సారస్వత నికేతనము నిలిచియున్నది; ఆ ఊరు నేతకారుల ఊరు. గ్రంథాలయమును, మగ్గమును ఒకే ఊరు పోషింపగలదనుటకు వేరు దృష్టాంతము వెదుకనక్కరలేదు.

కావున కార్యవర్గము వారికి ఒక ప్రతిపాదన చేయుచున్నాను. వారమున కొక సాయంకాలము, దుకాణములకు సెలవు దినమైన నాడు, ఈ పఠన మందిరములో రెండు గంటలు వ్యాపారులకు కేటాయింపుడు. మన ఊరి పిల్లలలో వాణిజ్యశాస్త్రము చదివినవారు కొందరున్నారు, వారు కూర్చుందురు. వచ్చువారు తమ పుస్తకములు తెచ్చుకొనవలెను. పుస్తకము లేనివారికి మూడు పుస్తకములు ఇక్కడనే గీసి యిత్తురు. ఒకటి రొక్కపు చిట్టా, ఒకటి అరువు ఖాతా, ఒకటి నిలవ సరకు పట్టీ. చరవాణిలో వ్రాసికొనువారు చరవాణిలో వ్రాసికొనవచ్చును. నాకు అభ్యంతరము లేదు. ఇంటి ఖర్చును, దుకాణపు ఖర్చును కలుపరాదను ఒక్క నియమము తప్ప మొదటి మూడు నెలలు మరేమియు నేర్పవలదు. ఒకరి లెక్క మరొకరికి తెలియరాదు గనుక ఒక్కొక్కరితో వేరువేరుగా కూర్చుండవలెను. ఈ కట్టుబాటు తప్పినచో రెండవ వారమునకు ఎవరును రారు. స్త్రీలు రావలెనన్నచో వేళ సాయంకాలము నాలుగు గంటలకు మార్చుట మంచిదేమో, స్వయం సహాయక సంఘముల వారిని అడిగి నిర్ణయింపుడు. బల్లలు చాలును గాని ఉత్తరపు గదిలో దీపము ఒకటి తక్కువగా నున్నది. దాని వెల నేను ఇచ్చెదను.